దేవుని సమయం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమేనా? (కర్నూలు నుంచి ఒక ప్రశ్న)

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ వందనాలు. ఇక్కడ మీరంతా రాసేవి చదువుతుంటాను గానీ నేను రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను డీఎడ్ చేశాను. 2018 డీఎస్సీ నాటికి నా చదువు పూర్తి కాలేదు. ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటమే నా ఉద్యోగమైపోయింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చింది, ఎన్నికలతో ఆగింది, చివరికి రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మా ఇంట్లో ఉద్యోగం వచ్చేసినంత సంబరం. రాశాను. రాలేదు. సెప్టెంబరులో నాతో కోచింగ్‌లో కూర్చున్న అమ్మాయిలు నియామక పత్రాలు తెచ్చుకున్నారు. చర్చిలో వాళ్ళ కృతజ్ఞత కూడికకు మైసూర్‌పాక్ పంచింది నేనే.

అప్పటి నుంచి ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునేలోపే ఎవరో ఒక ఆంటీ చెయ్యి పట్టుకుని "దేవుని సమయం రావాలమ్మా" అంటుంది. ప్రేమతోనే అంటారు, తెలుసు. అయినా ఆ మాట వింటే కడుపులో మంట. పైగా ఈ జనవరిలో కూడికలకు వచ్చిన ఒక దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి "ఈ ఏడు దాటకుండా ప్రభుత్వ కొలువు" అని చెప్పారు. ఏడాది అయిపోవచ్చింది.

ఇప్పుడు బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ప్రైమరీ టీచర్‌గా రమ్మంటున్నారు. జీతం పర్వాలేదు. అమ్మ మాత్రం "దేవుడు ఇస్తానన్నది వదిలేసి పోతావా, అది అవిశ్వాసం" అంటోంది. పోతే దేవుని ప్రణాళికను దాటినట్టా? ఉంటే ఆయన్ని నమ్మినట్టా? నిజంగా అర్థం కావడం లేదు. దయచేసి ఒక వాక్యం పెట్టి ఆమెన్ అని వెళ్ళిపోకండి.

---

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

సిస్టర్, నిరుత్సాహపడొద్దు. దేవుడు ఆలస్యం చేస్తాడేమో గానీ మరిచిపోడు. యిర్మీయా 29:11 గట్టిగా పట్టుకోండి. ఆయన ఉద్దేశాలు మన మేలుకే. నోటిఫికేషన్ మళ్ళీ వస్తుంది, ఈసారి మీ పేరుంటుంది. ప్రార్థిస్తాను. ఆమెన్.

---

కేసీ_కాలువ (కర్నూలు)

అన్నా, ఆమె ఏది వద్దని రాసిందో సరిగ్గా అదే చేశారు మీరు.

నాదొక సందేహం. కోపం తెచ్చుకోకండి, నేనూ చర్చి పిల్లోణ్ణే. ఉద్యోగం వస్తే దేవుని ప్రణాళిక. రాకపోతే ఇంకా మంచిది దాచిపెట్టాడు, అదీ ప్రణాళికే. బెంగళూరు పోయి బాగుపడితే ద్వారం తెరిచాడు, పోయి ఇబ్బంది పడితే శిక్షణ ఇస్తున్నాడు. ఏం జరిగినా సరిపోయే జవాబు అసలు జవాబేనా? ఆ అక్కకు రేపు పొద్దున ఏం చేయాలో ఈ మాటతో తెలుస్తుందా?

---

సాయంకాలపు_బడి (నంద్యాల రోడ్డు, కర్నూలు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

అమ్మా తుంగభద్రా, నీ ప్రశ్న బాగుంది. ప్రొద్దుటూరు తమ్ముడు చెప్పిన వాక్యమూ మంచిదే. అయితే ఆ వాక్యాన్ని మనం క్యాలెండరులోంచి చదువుతాం, దాని పైన ఉన్న వచనాన్ని చదవం.

యిర్మీయా 29 ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయిన వాళ్ళకు యిర్మీయా ప్రవక్త రాసింది. వాళ్ళ టెన్షన్ అంతా ఎప్పుడు తిరిగి పోతామా అని. పదకొండో వచనంలోని మేలుకు ముందు పదో వచనంలో డెబ్భై ఏళ్ళు అని ఉంది. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్ళలో దాదాపు ఎవరూ తిరుగు ప్రయాణం చూడలేదన్నమాట. మరి అంతకాలం ఏం చేయమన్నాడు? ఐదో వచనం నుంచి చూడు: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. మూటలు సర్దుకుని గుమ్మంలో కూర్చోమని చెప్పలేదు.

ఇంకొక సంగతి. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. ఆయన కూడా యెహోవా పేరుతోనే చెప్పాడు, రెండేళ్ళలో అంతా తిరిగొస్తుందని. జనానికి ఎంత బాగుండి ఉంటుందో ఊహించు. యిర్మీయా కూడా మొదట ఆమెన్ అన్నాడు, నీ మాట నిజమైతే బాగుండునన్నాడు. తర్వాతే అది దేవుడు చెప్పింది కాదని తేల్చాడు. హనన్యా ఆ ఏడే పోయాడు. దేవుని పేరున తేదీ చెప్పడం ఎంత బరువైన పనో ఆ అధ్యాయం చెబుతుంది. నీ తల మీద చెయ్యి పెట్టిన ఆయన గురించి నేను తీర్పు తీర్చను. కానీ ఆయన చెప్పిన గడువు తప్పితే తప్పింది దేవుడి మాట కాదు. ఆ గడువును నీ విశ్వాసానికి పరీక్షగా మోయకు.

బెంగళూరును బబులోను అంటున్నానని అనుకోకు తల్లీ. ఆ ట్రాఫిక్ సంగతి వేరే.

---

ఎర్రనేల_అనంత (కళ్యాణదుర్గం)

సార్ చెప్పింది విన్నాక నాకు మా నాయన గుర్తొచ్చాడు. మాది శనక్కాయ పండించే ఇల్లు. మా జిల్లాలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్లు పడితే సరిగ్గా పడినట్టు, అదీ ఒక్కోసారి మూడు నాలుగు పెద్ద వానల్లోనే అయిపోతుంది. దేవుని సమయం అనే మాట మాకు ఆదివారం మాట కాదు, జూన్ మాట.

వాన మా చేతుల్లో లేదు. అయితే వాన పడ్డాక దుక్కి దున్నుదాం, విత్తనం కొందాం అంటే పదును ఆరిపోతుంది, అదును పోతుంది. అందుకే నాయన మేలోనే చేను దున్నిపెట్టేవాడు. కదిరి-6 రకం శనక్కాయలు ఇంట్లో అందరం కూర్చుని ఒలిచేవాళ్ళం. వేళ్ళు వాచేవి. మందు పట్టించి సిద్ధంగా పెట్టుకునేవాళ్ళం. ఆకాశం చూడటం, ప్రార్థన చేయడం, కాయ ఒలవడం ఒకే మధ్యాహ్నం జరిగేవి.

ఇంకో మాట కూడా చెప్పాలి. జూలై దాటినా వాన రాకపోతే శనక్కాయ విత్తడు. విత్తితే దిగుబడి రాదని తెలుసు. ఆగస్టులో పడిన తడికి ఉలవలు చల్లుతాడు. పక్కింటోళ్ళు "ఏంది, శనక్కాయ ఇస్తాడని నమ్మకం లేదా" అని ఎప్పుడూ అనలేదు. ఉలవలు కూడా దేవుడిచ్చినవే కదా. యాకోబు 5:7లో రైతు తొలకరి, కడవరి వానల కోసం ఓపికగా ఉంటాడని రాశారు. ఆ రాసినాయనకు రైతు ఖాళీగా ఉండడని తెలిసే ఉంటుంది.

అక్కా, డీఎస్సీ శనక్కాయ అనుకుంటే బెంగళూరు ఉలవలేమో చూడు. ఇంతకంటే నాకు తెలీదు.

---

కేసీ_కాలువ (కర్నూలు)

ఉలవల లెక్క బాగుంది అన్నా. కానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. వాన పడకపోవడం కూడా ప్రణాళికేనా? ఎండిన చేను చూసి ఉరేసుకున్న రైతులున్నారు మన జిల్లాల్లో. వాళ్ళ ఇంటికి పోయి ఈ మాట చెప్పగలమా?

---

నైట్_డ్యూటీ (జమ్మలమడుగు)

చెప్పకూడదు తమ్ముడూ. నేను నర్సును. ఈ మాట ఎక్కడ చెప్పకూడదో నాకు బాగా తెలుసు.

పసిబిడ్డ పోయిన తల్లి మంచం పక్కన నిలబడి "దేవుని సమయం అమ్మా, ఆయన తోటలో పువ్వు కావలసి వచ్చింది" అని చెప్పేవాళ్ళను బయటికి పంపించాను. పెద్దావిడని కూడా చూడలేదు. యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు విప్పలేదు. ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచి స్నేహితులే. ఎనిమిదో రోజు వివరణ మొదలుపెట్టారు, చివర్లో దేవుడి చేత తిట్లు తిన్నారు. కీర్తనల్లో "ఎంతకాలం ప్రభువా" అని నిలదీసే కీర్తన ఉంది, పదమూడోది. దేవుడు దాన్ని కొట్టేయలేదు, బైబిల్లో ఉంచాడు. తల్లి ఏడుస్తుంటే ఆ కీర్తన చాలు.

రెండోది. మా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. షుగర్ ఎక్కువ. స్వస్థత దేవుని సమయంలో జరుగుతుందని ఎవరో చెబితే మాత్రలు మానేశాడు. వచ్చేసరికి పాదం నల్లబడింది. వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆయన విశ్వాసం చిన్నది కాదు, నాకంటే పెద్దది. దాన్ని ఆయన చేతిలో తప్పుగా పెట్టారు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేనేళ్ళు ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చిన రోజే యెషయా ప్రవక్త అంజూరపు ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు (2 రాజులు 20). వాగ్దానం వచ్చింది, కట్టూ వేశారు. మా ఊళ్ళో క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన లండన్ మిషన్ వాళ్ళకు ఇందులో వైరుధ్యం కనబడలేదు. మనకెందుకు కనబడుతోందో!

---

నిర్వాహకులు

ఒక చిన్న మనవి. కొన్ని వ్యాఖ్యలు తీసేశాం. మీ సంఘం గొప్పది, వాళ్ళ సంఘం లోకసంబంధమైనది అనే గొడవ ఈ దారంలో వద్దు. ప్రవచనం చెప్పిన దైవజనుడి పేరు అడగవద్దు, ఊహించవద్దు. ప్రశ్న అడిగిన సోదరిని మరిచిపోవద్దు.

---

గుంతకల్లు_జంక్షన్ (గుంతకల్లు)

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాకు పిల్లలు లేరు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. మా ఆయన రైల్వే.

అబ్రాహాము కథ నాకు చెప్పినన్ని సార్లు ఇంకెవరికీ చెప్పి ఉండరు. హారాను ఊరు వదిలేటప్పటికి ఆయనకు 75, దేవుడు ఇస్తానన్న కొడుకు ఇస్సాకు పుట్టేటప్పటికి 100. అంకెలు నాకు కంఠతా వచ్చేశాయి. చికిత్సకు వెళ్తామన్నప్పుడు మాత్రం అదే కథను తిప్పి చెప్పారు. శారా తొందరపడి హాగరును తెచ్చింది, ఇష్మాయేలు పుట్టాడు, నువ్వూ దేవుని సమయాన్ని తోసుకుని ముందుకు పోతున్నావు అన్నారు. హాగరు ఒక మనిషి. ఇంటి దాసి. ఆమె శరీరాన్ని ఆమెను అడగకుండా వాడుకున్నారు. దానికీ నేను డాక్టరు దగ్గరికి పోవడానికీ ఏం పోలిక? నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ కథలో నాకు నచ్చేది అరణ్యంలో దేవుడు హాగరును వెతుక్కుంటూ పోవడం. అది ఎవరూ చెప్పరు.

వెళ్ళాం. ఫలించలేదు. మళ్ళీ వెళ్ళాం. లేదు. ఇక ఆపేశాం.

ఇప్పుడు నన్ను చూసి "ఇంకా సమయం ఉంది" అనడానికి కూడా జనం మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటం నాకు హాయిగా ఉంది, నిజం చెబుతున్నా. నేను క్వయర్‌లో పాడతాను. సండే స్కూల్‌కి పోతాను. తమ్ముడు కాలువ అడిగాడే, ఇది కూడా ప్రణాళికేనా అని. నాకు తెలియదు తమ్ముడూ. అది ప్రణాళిక అని ఒప్పుకుంటేనే నేను దేవుణ్ణి నమ్మినట్టు అని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను. ఆయన్నైతే వదిలిపెట్టలేదు. హెబ్రీ 11లో వాగ్దానం అందుకోకుండానే చనిపోయిన వాళ్ళ జాబితా ఉంది. వాళ్ళను విశ్వాసులు అనే రాశారు. ఆ అధ్యాయం మా ఇంట్లో చదువుకుంటాం.

---

నైట్_డ్యూటీ (జమ్మలమడుగు)

అక్కా, నేనేమీ రాయను. చదివాను.

---

సాయంకాలపు_బడి (నంద్యాల రోడ్డు, కర్నూలు)

గుంతకల్లు అమ్మ రాసిన తర్వాత నేను రాయడానికి సిగ్గుపడాలి. అయినా కాలువ బాబు రెండుసార్లు అడిగాడు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

బాబూ, నువ్వు అన్నది సగం నిజం. జరిగిన ప్రతిదానికీ "ఇందుకే జరిగింది" అని కారణం చెప్పేవాడి దగ్గర జవాబు లేదు, అలవాటు ఉంది. యోసేపును చూడు. 17 ఏళ్ళప్పుడు అన్నలే అమ్మేశారు, ఐగుప్తులో చెరసాల పాలయ్యాడు. అక్కడి రాజు ఫరో ముందు నిలబడే సరికి 30. మధ్యలో, చెరసాల నుంచి బయటపడిన రాజు పానదాయకుడు ఆయన్ని మరిచిపోయి రెండేళ్ళు నడిచాయి. ఆ చెరసాలలో ఉండగా యోసేపు ఎక్కడా ఇది దేవుని ప్రణాళిక అని అనలేదు. ఏమన్నాడు? నేను ఏ తప్పూ చేయలేదు, ఫరోతో చెప్పి నన్ను బయట పడెయ్యి అన్నాడు. ఆదికాండం 40:14, 15 చూడు. మేలుకే అన్న మాట 50వ అధ్యాయంలో, అన్నలు కాళ్ళ మీద పడ్డాక అన్నాడు. అదీ తన గురించి తానే అన్నాడు. ఎదుటివాడి చెరసాల గురించి మనం అనేది వేరు.

అపొస్తలులు కూడా రాజ్యం ఎప్పుడు అని తేదీ అడిగారు. కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదు అన్నాడు యేసు, వెంటనే చేయాల్సిన పని అప్పగించాడు. సమయం ఎప్పుడో చెప్పలేను, ఈరోజు పని మాత్రం చెప్పగలను అనే దగ్గరే నా విశ్వాసం ఆగుతుంది. నీకు ఇది తక్కువ అనిపించవచ్చు.

మన ప్రాంతం సంగతి ఒకటి. 1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టెంటు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది చేరలేదు. చేరింది 1975లో. ఒకే తాలూకాలో, ఒకే తెలుగు పాటలు పాడుకునే జనం దాదాపు ముప్పై ఏళ్ళు వేర్వేరుగా కూర్చున్నారు. ఆలస్యమంతా దేవుడిదే అంటే నేను నమ్మను. అందులో మనుషుల పంతం బోలెడు. నీ డీఎస్సీ ఆలస్యంలోనూ దేవుడి వాటా ఎంతో, ప్రభుత్వాల వాటా ఎంతో కాస్త విడదీసి చూడమ్మా తుంగభద్రా. అన్నీ ఆయన ఖాతాలో రాయకు.

---

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

సార్, మీరంతా పెద్దలు, బాగా చదివినవాళ్ళు. నేను మగ్గం మీద బతికేవాణ్ణి. నా మాటను అందరూ కలిసి ఉతికి ఆరేశారు, పర్లేదు. కానీ నా వైపు నుంచి కూడా వినండి.

మా నాయనకు గుండె ఆపరేషన్ అయిన రోజు నేను ఆసుపత్రి వరండాలో ఒక్కణ్ణే ఉన్నాను. అప్పుడు 29:11 తప్ప నాకు ఏమీ గుర్తు రాలేదు. దాని పైన ఏ వచనం ఉందో, అది ఎవరికి రాసిన ఉత్తరమో నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం రాత్రంతా అనుకుంటూ కూర్చున్నాను. పిచ్చెక్కకుండా తెల్లారింది. అందుకే సిస్టర్‌కు అదే ఇచ్చాను. నా దగ్గర ఉన్నది అదే. క్యాలెండరు వాక్యం అని తీసిపారేయకండి, క్యాలెండరు తప్ప ఇంకేమీ కొనలేని ఇళ్ళు చాలా ఉన్నాయి.

---

సాయంకాలపు_బడి (నంద్యాల రోడ్డు, కర్నూలు)

తమ్ముడూ, ఈ దారంలో బరువైన మాట నీదే. క్యాలెండరు గురించి నేనన్నది వెనక్కి తీసుకోను గానీ, నీ వరండా ముందు దాన్ని అనను.

---

కేసీ_కాలువ (కర్నూలు)

క్యాలెండరు మాట వచ్చింది కాబట్టి వాగ్దాన కార్డుల సంగతి కూడా తేలాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో కార్డులు పెట్టి తీయమంటారు కదా. ఏటా అన్నీ దీవెనలే. "నువ్వు తల అవుతావు తోక కావు" అన్నది మా ఇంట్లో అందరికీ వచ్చింది, మా బావకు రెండుసార్లు. విలాపవాక్యాలు తీసినవాణ్ణి నేను చూడలేదు. మా అమ్మ ఆ కార్డు ఫ్రిజ్ మీద అతికించి ఏడాదంతా దాన్ని బట్టే నిర్ణయాలు తీసుకుంటుంది. గిద్యోను గొర్రె బొచ్చు నేల మీద పెట్టి గుర్తు అడిగాడు కదా అంటుంది. అడిగాడు సరే, దేవుడు పని చెప్పిన తర్వాత భయపడి అడిగాడు. అది మెచ్చుకోదగ్గ విషయంగా అక్కడ రాసినట్టు నాకనిపించదు.

---

ఎర్రనేల_అనంత (కళ్యాణదుర్గం)

నాకు పోయిన ఏడు వచ్చిన కార్డులో "నీ కొట్లు ధాన్యంతో నిండును" అని ఉంది. టమాటా వేశాను. ధర చూసి చేలోనే వదిలేశాను. కార్డు మాత్రం దాచుకున్నాను, బొమ్మ బాగుందని మా పాప అడిగింది.

---

మందిరం_వెనకిల్లు (రాజంపేట)

నేను పాస్టరమ్మను. మా ఇల్లు చర్చి వెనకే, అందుకే ఈ పేరు. ఆలస్యంగా వచ్చాను, క్షమించండి.

తుంగభద్రా, అందరూ వేదాంతం చెప్పారు, బాగుంది. నేను రెండు మామూలు విషయాలు చెబుతాను.

ఒకటి. అపొస్తలుల కార్యములు 16 తీసి చూడు. పౌలు ఆసియలో వాక్యం చెప్పబోతే ఆత్మ ఆపాడు. బితూనియకు పోబోతే అక్కడా ఆపాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన నడుస్తూనే ఉన్నాడు, త్రోయ దాకా వచ్చాడు, అప్పుడు మాసిదోనియకు రమ్మనే దర్శనం వచ్చింది. ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఆపాల్సిన పని దేవుడికి లేదు కదా. నువ్వు బెంగళూరు వైపు అడుగు వేస్తే, వద్దనుకుంటే ఆపడం ఆయనకు చేతకాదా? తప్పు దారిలో పోతానేమో అని నువ్వు ఇంత భయపడుతున్నావంటే, దేవుణ్ణి పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ అనుకుంటున్నావని నా అనుమానం.

రెండోది మీ అమ్మ. అమ్మాయిల ప్రశ్నలు చాలా వింటాను, అందుకని అడుగుతున్నాను. ఇంట్లో ఇంకెవరున్నారు? నువ్వు పోతే ఆమె ఒంటరిదవుతుందా? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు "నువ్వు పోతే నాకు భయం" అని చెప్పడం రాదు. అది చెప్పలేక అవిశ్వాసం అంటారు. ఆ మాటకు వాక్యంతో జవాబివ్వకు. వాదనలో గెలుస్తావు, రాత్రి అన్నం దగ్గర ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమె భయం గురించే నేరుగా అడుగు.

డీఎస్సీ సంగతి మా అక్క కూతురు కోసం కనుక్కున్నాను. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, 2021లోనే ఆ ఏడేళ్ళ గడువు తీసేశారు. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి టెట్ మళ్ళీ రాసి మార్కులు పెంచుకోవచ్చు. అది బెంగళూరులో ఉండి కూడా చదవొచ్చు. రోజూ పిల్లలకు పాఠం చెబుతూ చదివితే మెథడాలజీ ఇంకా బాగా తలకెక్కుతుంది.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరి మాటలూ చదివాను. కొన్ని రెండేసి సార్లు. గుంతకల్లు అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కొంగుతో మొహం తుడుచుకుంది.

పాస్టరమ్మగారూ, మీరు ఎలా కనిపెట్టారో! నాన్న లేరు. తమ్ముడు హైదరాబాదులో. నేను పోతే ఇంట్లో అమ్మ ఒక్కతే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మేం మేడ మీద రాత్రంతా కూర్చున్నాం. అప్పటి నుంచి వాన గట్టిగా పడితే అమ్మ నిద్రపోదు, నా గదికి వచ్చి పడుకుంటుంది. నిన్న నేరుగా అడిగాను. కోచింగ్ గురించి, దైవజనుడి గురించి ఏమీ మాట్లాడలేదు. "వానాకాలం ఎట్లా" అంది. అంతే.

పెన్నా అన్నా, మీ ఆమెన్‌కి మొదట కోపం వచ్చింది. వరండా సంగతి చదివాక పోయింది. నాకోసం ప్రార్థించండి, నోటిఫికేషన్ కోసమైనా సరే.

దైవజనుడి మాట గురించి సార్ చెప్పింది ఇంకా నలుగుతోంది. దాన్ని వదిలేయడం అంత సులువుగా లేదు. డిసెంబరు 31 దాకా లోపల ఎక్కడో ఎదురుచూస్తాను, అబద్ధమెందుకు.

స్కూలు వాళ్ళకు జనవరిలో చేరతానని చెప్పాను. అమ్మ జూన్ దాకా ఇక్కడే ఉంటుంది, తర్వాత నా దగ్గరికి రావడమో, తమ్ముడి దగ్గరికి పోవడమో చూడాలి. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఈ రోజు పొద్దున టిఫిన్ పెడుతూ "అక్కడ తెలుగు ఆరాధన ఉంటుందా" అని అడిగింది. నాకు తెలీదన్నాను. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బస్సులో పోయి రాగలిగే దూరమైతే చాలు.

---

కేసీ_కాలువ (కర్నూలు)

అక్కా, నా ఫ్రెండ్స్ ముగ్గురు అక్కడే రూమ్‌లో ఉన్నారు. వాళ్ళు పోయే చర్చిలో ఆదివారం పొద్దున తెలుగు ఆరాధన ఉంది. అడ్రసు, బస్సు నంబరు కనుక్కుని మెసేజ్ పెడతాను. ఒకటి మాత్రం ముందే చెబుతున్నా, ప్రసంగం చాలా పొడుగంట.

---

మందిరం_వెనకిల్లు (రాజంపేట)

బాబూ, ఆడపిల్లలుండే హాస్టళ్ళు ఆ చర్చికి దగ్గర్లో ఉన్నాయేమో కూడా అడుగు. తుంగభద్రా, చేరేముందు స్కూల్లో ఏ ఒరిజినల్ సర్టిఫికెట్లూ ఇవ్వకు, జిరాక్సులే ఇవ్వు. డీఎస్సీ వచ్చినప్పుడు వాటి కోసం తిరగాల్సి వస్తుంది.